కప్పుల లెక్క

అస్టేరియా కంటే ముందు ముగ్గురొచ్చారు.
అందరివీ కొత్త బూట్లే.
అందరూ మొదటిరోజు అడిగిందొకటే:
"తాతా, రాత్రి ఎన్నింటికి పడుకుంటారు?"
నేను చెప్పిందీ ఒకటే:
కిలోంబెరో లోయలో వరి పొట్టకొచ్చాక
పడుకోవడం నీటిగుర్రాల దయ.

పని సులువు.
ప్యాంటు మోకాలి దాకా మడిచి స్టూలు మీద కూర్చోవడం.
పిక్క మీద దోమ వాలితే, కుట్టేలోపు
గాజుగొట్టంతో పీల్చి
పేపరు కప్పులోకి ఊదడం.
గంటకో కప్పు. మూతికి వలగుడ్డ.
పైన చక్కెరనీళ్ళలో ముంచిన దూది.
మన టీలోకి లేని చక్కెర, అని
సికుధాని గొణుగుడు.

ఆ ముగ్గురూ డాక్టర్లయ్యారు,
సూదిమందు వేసే డాక్టర్లు కాదు.
ఒకడు తన పుస్తకం చివర నాకు కృతజ్ఞతలు చెప్పాడు,
పేరు తప్పు రాసి.

ఈ పిల్ల వేరు అనను.
ఈమె స్కాలర్‌షిప్పూ రెండేళ్ళే.
మోటారుసైకిలు ఎరువుది,
వరదొస్తే అదీ లేదు, దోనె.
కాకపోతే, తొమ్మిదికి మొదలెట్టాల్సిన లెక్కకి
ఆరున్నరకే వచ్చి కూర్చుంది.
"ఇంకా ఎవరూ తెరలోకి పోలేదు కదమ్మా" అన్నాను.
"అందుకే" అంది.

పొయ్యి దగ్గర సికుధాని ఉగాలి కెలుకుతోంది.
మనవరాలు కంచం ఒళ్ళో పెట్టుకుని కునుకుతోంది.
పొగ అటు తిరిగితే దోమలు ఇటు.
ఏడింటి కప్పులో పదకొండు.
ఎనిమిదింటి కప్పులో ముప్పై నాలుగు.
అర్ధరాత్రి కప్పులో రెండు,
ఒకటి మగదేమో, నా కళ్ళకు ఆనలేదు.

తెల్లారాక కప్పులన్నీ వరసపెట్టి
చాలాసేపు మాట్లాడలేదా పిల్ల.
బూడిద ఎత్తుతూ సికుధానే అంది:
"ఇందులో కొత్తేముంది?
అవి మాతో పాటే భోంచేస్తాయి.
మమ్మల్నెవరూ అడగలేదు గానీ."

ఆ మాట తేదీ వేసి రాసుకుంది.
రాసుకుని, "మీ పేరు ఎలా రాయాలి?" అంది.
సికుధాని నా వంక చూసింది.
ఇరవై ఏళ్ళుగా కప్పుల మీద గంటలు రాస్తున్న చేయి,
పెళ్ళాం పేరు దగ్గర
ఒక అక్షరానికి తడబడింది.

ఆ రాత్రి మనవరాలి కంచం
తెర లోపలికి పోయింది.
పొద్దున వలకంతా ఉగాలి మెతుకులు,
కింద చీమల బారు.
కప్పు కోసం వెతుకుతోంది అస్టేరియా.