చౌడప్ప ముక్కు

చౌడప్పకి గడియారం అక్కర్లేదు.
జాలీ దగ్గర నిలబడి ముక్కుతోనే చెబుతాడు:
"ఐదున్నర. బెళ్ళందూరు పళ్ళు తోముకుంటోంది."
ఆ తర్వాత సబ్బు, కాఫీ, మాడిన తిరగమోత.
శనివారం రాత్రయితే ఇంకేదో. చెప్పడు.

ఈరోజు పారకి ఎక్కినవి
జడపిన్ను, మాత్రల రేకు, పాపాయి సాక్సు ఒక్కటి.
రెండోది రేపొస్తుందని నవ్వుతాడు.

గాలి బుడగల తొట్టిలో బురద ఉడుకుతుంది, పొయ్యి లేకుండా.
చివరి కాలువలో నీళ్ళు
ఏమీ ఎరగనట్టు తేటగా.

అక్కణ్ణుంచి పైపెక్కి కోలారు పోతాయి,
వాళ్ళక్క చేను పక్క చెరువులోకి.
నిన్న ఫోను చేసింది:
"పదిహేనేండ్లకి నిండిండాదిరా. కొంగలొచ్చిండాయి.
గొర్రెలకి తాపచ్చునా?"

గాజు గ్లాసు ఎండకి పట్టి
చాలాసేపు చూశాడు.
అవతల తన వేళ్ళే, కొంచెం లావుగా.

"వాసన చూసినావా అక్కా?" అన్నాడు.