న్యూట్రల్‌లో

ఆటోనగర్‌లో మా షెడ్డు ముందు
ఎండాకాలమంతా నిలబడింది ఆ బస్సు.
ఒకప్పుడు బడిపిల్లల్ని మోసిందట.
తెల్లరంగు రెండు కోటింగులు కొట్టినా
గీత పడ్డ చోటల్లా పసుపు కనిపిస్తుంది.
సీట్లు పీకేసి మంచం బిగించాను,
గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు, ఒక ఫ్యాను.
వెనక అద్దానికి నూకరత్నం గారు
పాత వాయిలు చీర చింపి కర్టెను కుట్టుకున్నారు.

అంతా అయ్యాక ఎల్లాజీ గారు
మారుతీ ఎనిమిదొందలు తెచ్చి పక్కన పెట్టారు.
"దీన్ని దానికి కట్టాలి."
ఎందుకండీ అన్నాను.
"బస్సు పెద్దది, చేపల బజారు సందు చిన్నది.
ఊరి బయట ఇల్లు ఆగుతాది,
ఊళ్లోకి ఇది ఎల్తాది."

ఆయన పోర్టులో టగ్గు సరంగు.
ముప్ఫయ్యేళ్లు డాల్ఫిన్ నోస్ నీడలో
తన పడవకి నలభై రెట్లున్న ఓడల్ని
చెవి పట్టుకున్నట్టు పట్టుకుని
ఛానల్లోంచి లోపలికి తెచ్చిన మనిషి.
నా వెల్డింగు మీద చిన్న సుత్తితో కొట్టి,
చెవి ఆనించి, విని,
"లాగడం ఏటుంది ముత్యాలూ,
గాడిదైనా లాగుతాది.
ముందుది ఆగినప్పుడు ఎనకది ఏం సేస్తాదో
అదీ సంగతి" అన్నారు.
మూడు మూలల ఇనప బారు
మళ్లీ కోసి మళ్లీ అతికాను.

ట్రయలు రోజు కారులో నన్ను కూచోబెట్టారు.
తాళం ఒక్క మెట్టు తిప్పాలి, స్టీరింగు బిగుసుకోకుండా.
గేరు న్యూట్రల్. హ్యాండు బ్రేకు కిందికి.
అంతే. ఇక చేసేదేం లేదు.

చేసేదేం లేకపోవడం ఎంత కష్టమో
షీలానగర్ దాటేలోపే తెలిసింది.
స్టీరింగు నా చేతుల్లో తనంతట తను తిరుగుతుంది,
పక్కన పడుకున్న మనిషి నిద్రలో ఒత్తిగిల్లినట్టు.
బ్రేకు మీద కాలు పెడితే రాయి.
ఆయన అక్కడ నొక్కితే
నా వెనక ఎర్రదీపం ఇక్కడ వెలుగుతుంది.
ఆ వైరు లాగింది నేనే,
అయినా ఒళ్లు జలదరించింది.

బీచ్ రోడ్డులో కుడిపక్కన అంత సముద్రం,
నేను చూసింది బస్సు వీపు.
వెనక అద్దంలో నూకరత్నం గారు కర్టెను తప్పించి
టీ గ్లాసు ఎత్తి చూపించారు, కావాలా అని.
మధ్యలో రెండు బారల రోడ్డు పరిగెడుతోంది.
కావాలన్నాను తలతో.
కాసేపు చూసి ఆవిడే తాగేశారు.

రుషికొండ దిగుడులో కారు బస్సుని తోసింది.
గట్టిగా కాదు. బారు ఒక్కసారి కిర్రుమంది.
అప్పటిదాకా ఎవరో లాగితే వస్తున్నవాణ్ణి,
ఒక్క క్షణం బలమంతా నాదే అనిపించి
భయపడ్డాను.
ఎర్రదీపం వెలగలేదు.
ఆయన బ్రేకు ముట్టుకోలేదు, గేరు తగ్గించారు.
ఓడలు నేర్పిన ఓపికేమో.

భీమిలిలో పిన్ను లాగి రెంటినీ విడదీశాం.
మీటరు చూస్తే నలభై నాలుగు కిలోమీటర్లు ఎక్కి ఉంది,
ఇంజను ఒక్క దగ్గయినా దగ్గకుండా.
ఈ దూరం ఎవరి లెక్కలోదండీ అన్నాను.
"డీజిలు పోయించినోడిది" అని నవ్వారు ఎల్లాజీ గారు.

సిటీ బస్సులో తిరిగొస్తుంటే
మద్దిలపాలెం దగ్గర చొక్కా జేబు బరువనిపించింది.
పిన్ను.
గ్రీజుతో సహా, గుండె మీద, నల్లటి మచ్చ.
ఫోను చేశాను, మోగలేదు.
రాత్రి చేశాను. పొద్దున్న చేశాను.
ఇంట్లో మా ఆవిడ ఆ మచ్చ వదల్లేదని తిట్టింది.

మూడో రోజు నూకరత్నం గారే చేశారు.
"పిన్ను నేదని ఆగిపోతామేటి నాయనా?
ఈయన ఓడలెనక తిరిగినన్నాళ్లూ
పిల్లల్ని బళ్లో దింపిందెవరనుకున్నావు?
ఆయన ముందు, నేను ఎనక, అలగే వచ్చీసినాం.
టెక్కలి దగ్గర ఇసుగొచ్చి దాటీసినాను.
పలాసలో కూకున్నాను, టీ తాగుతూ,
ఆయన కోసం సూస్తన్నాను."

పిన్ను పంపమంటారా అన్నాను.

అటువైపు హారను మోగింది,
పెద్ద బండిది.
"వచ్చీసినారు, ఉంటాను" అన్నారు.