అలికిడి

పద్నాలుగు రాత్రులు నా యంత్రం
వెర్నా క్లింగ్లర్ పెరట్లో నిలబడి విన్నది.
మూడు కాళ్ళ స్టాండు, నురుగు టోపీ పెట్టుకున్న మైకు,
కంచె స్తంభానికి గొలుసుతో కట్టిన బ్యాటరీ పెట్టె.
కంపెనీ పటంలో ఆ ఇంటికి పేరు లేదు,
గ్రాహకం నంబరు ఏడు.
ఒహాయోలో హాలోవే ఫోర్క్ అనే ఊరి అంచున,
కోసేసిన మొక్కజొన్న మోళ్ళ అవతల
గ్యాసు విద్యుత్ కేంద్రం రావాలి. ఆరువందల ఇరవై మెగావాట్లు.
అది రాకముందు అక్కడ నిశ్శబ్దం ఎంతుందో
కొలిచి చెప్పడం నా ఉద్యోగం.

ఫారంలో శబ్దానికి ఒకటే గడి, డెసిబెల్.
లోలోపల నా భాషలో వేరే గళ్ళు గీసుకుంటాను:
హైవే మీద లారీలది రొద,
దూరాన గూడ్సు బండిది హోరు,
ఎండుటాకుల మీద గాలిది గలగల,
ఏప్రిల్ కదా, కప్పలవి బెకబెక, మరీ మొండివి.
మూడో రాత్రి రెండూ పదికి ఒక అలికిడి.
నాలుగో రాత్రీ అదే వేళకి. ఐదో రాత్రీ.
హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను:
తలుపు కిర్రుమంది, చెప్పులు మెట్లు దిగాయి,
ఒక ముసలి ఆడగొంతు,
"ఇటు, ఇటు, ఇంకాస్త ఇటు, అదిగో."
ఆ తర్వాత ఎవరో నీళ్ళు తాగుతున్న గుటకలు.

మాన్యువల్ ప్రకారం అది నేపథ్యం కాదు, ఘటన.
ఘటనల్ని తీసెయ్యాలి.
తీసేశాను. ముప్పై మూడున్న సగటు ముప్పై ఒకటికి దిగింది.
పేజీ నాలుగువందల పన్నెండు, పట్టిక ఎనిమిది.

మే తొమ్మిదిన విచారణ. స్కూలు జిమ్‌లో,
బాస్కెట్‌బాల్ గీతల మీద మడత కుర్చీలు.
మనిషికి మూడు నిమిషాలు, ఎర్రంకెల గడియారం.
పైపులు అతికే డార్నెల్ ప్రూయిట్ లేచి
రెండేళ్ళుగా పని కోసం పక్క రాష్ట్రానికి
నాలుగేసి గంటలు కారు తోలుతున్నానన్నాడు,
కప్పల పేరు చెప్పి నా పిల్లల నోట్లో మట్టి కొట్టకండన్నాడు.
చప్పట్లు. అవీ నిజమైన చప్పట్లే.
బావినీళ్ళ సీసా తెచ్చి ఒకామె ఊపి చూపించింది.
చిమ్నీ ఎత్తు గురించి ఒకాయన, గంట కొట్టినా ఆపలేదు.

అప్పుడు వెర్నా. చేతిలో కాగితం లేదు.
"ఏడో నంబరు నేనే" అంది.
"నా ఆడగుర్రానికి ఇరవై ఆరేళ్ళు, రెండు కళ్ళూ పోయాయి.
రాత్రి దాహమేస్తే గిట్టతో కంచెని కొడుతుంది.
నేను పిలిస్తే, నా గొంతు పట్టుకుని తొట్టి దాకా వస్తుంది.
మీ పుస్తకమంతా వెతికాను. రాత్రిపూట మా ఇంట్లో ఎవరూ లేరు."
వేదిక మీదివాళ్ళు నావైపు చూశారు.
అది తొలగించిన డేటా అన్నాను.
"సరే. మీది నడుస్తున్నప్పుడు నేను పిలిస్తే
దానికి వినిపిస్తుందా?"
నలభై డెసిబెల్స్, పరిమితికి లోపలే, అనబోయి
మింగేశాను.
ఆమె అడిగింది పరిమితి గురించి కాదు.
ఇంకా నిమిషం పది సెకన్లు మిగిలుండగా కూర్చుంది.

ఆ రాత్రి ఏదీ తేలలేదు.
బావుల అనుబంధంలో రెండు పేజీలు తప్పిపోయాయని
ఎవరో లాయరు కనిపెట్టాడు. జూన్‌కి వాయిదా.

బిల్లు వెయ్యని ఒక రాత్రి, సొంత పెట్రోలుతో వెళ్ళాను.
వరండా నుంచి తొట్టికి టేపు పరిచాను: నలభై మూడు మీటర్లు.
రెండూ పదికి తలుపు కిర్రుమంది.
నన్ను చూసి ఆమె ఆశ్చర్యపోలేదు, టార్చి ఆర్పమంది,
"దానికెలాగూ అక్కర్లేదు, నీకూ అలవాటవుతుంది."
పిలిచింది. చీకట్లో ఒక పెద్ద వెచ్చదనం
నా భుజాన్ని రాసుకుంటూ పోయింది.
తొట్టి దగ్గర ఆమె గొంతు ముప్పై ఎనిమిది.
కేంద్రం నలభై.

అది ఇప్పుడు నివేదికలో ఉంది. పేజీ అడుగున, సన్నక్షరాల్లో,
పందొమ్మిదో పాదసూచిక. కంపెనీ ఒకసారి కొట్టేసింది, తిరిగి పెట్టాను.
శబ్దం రకం అన్న చోట
అలికిడికి ఇంగ్లీషులో మాట దొరక్క
"జంతు సంబంధితం" అని రాయాల్సొచ్చింది.