టోకెను లేని రాత్రి

మూడు రాత్రులు వరసగా కొండ మీద డ్యూటీ చేసి
నాలుగో రాత్రి కత్తి డబ్బా ఇంట్లో పెట్టి
గాలం పట్టుకోని బయల్దేరినాను.
మోపెడ్ వెనక వజ్రవేలు మామ,
ఒళ్లో హార్లిక్స్ సీసా, సీసాలో తడిమట్టి, మట్టిలో ఎర్రలు.
“మెల్లగా పోరా, ఎర్రలకు కడుపులో తిప్పుతాది”
అన్నాడు కొర్లగుంట దాటంగానే.

రాయలచెరువు కట్టెక్కేసరికి పొద్దు గుంకింది.
ఉగాది ఇంకా నాలుగు దినాలుంది.
నీళ్లు అప్పుడే బారెడు వెనక్కి పోయి
ఒండ్రులో కొంగల కాలిగుర్తులు ఆరతా ఉండాయి.
ఎవరిదో తోపులోంచి మామిడి పిందెల వగరు.
గట్టు నిండా కానుగ పూత రాలి ఉంటే
నాకు గుర్తొచ్చింది నేల మీది వెంట్రుకలే.
ఏం చేస్తాం, పదహారేళ్ల పని.

మామ తవుడూ చెనగచెక్కా కలిపి పిసికి
నిమ్మకాయంత ముద్దలు ఐదు విసిరినాడు,
ఐదూ ఒక్కచోటే.
నెమలీక కాడను బెండు చేసి తంగూసుకు కట్టినాడు.
“మునిగితే లాగు. వణికితే లాగొద్దు,
వాడింకా వాసన చూస్తాండాడని అర్థం.”

కొండ మీద జనం నా కోసం కాచుకుంటారు,
టోకెనూ సగం బ్లేడూ చేతిలో పట్టుకోని.
ఒక తల వంగుతాది, లేస్తాది, ఇంకో తల.
మొగం చూసే తీరిక యాడిది?
నడినెత్తి సుడి ఎటు తిరిగిందో అంతవరకే తెలుసు.
ఈడ కాచుకునేది నేను.
నాకు నంబరు ఎవురూ ఇయ్యలా.

చేతులే ఊరుకోలేదు.
తొమ్మిదప్పుడు కుడిచెయ్యి తనంతట తానే
గాలిలో ఒక గీత గీసింది.
“ఎవుర్ని గొరుగుతాండావురా, దోమల్నా?”

పదకొండుకు సంగటి, చెనక్కాయల ఊరిమిండి.
పన్నెండు దాటినాక కప్పలు కూడా మానుకున్నాయి.
మామ బీడీ ఒకటి,
ఉత్తరాన కొండ మీది వెలుగొకటి.
ఆడ నా పీట మీద ఎవురో కూర్చోనుంటారు.

బెండు వణికింది.
లాగలేదు.

“మీ అత్తకు జుట్టు ఊడతా ఉంటే
నువ్వొచ్చి గొరిగిన దినం,
అద్దం అడిగింది గదా.
తేలేదన్నావు నువ్వు.
అబద్ధమే గదరా?”
“అబద్ధమే మామా.”
బీడీ ఒకసారి ఎర్రగా వెలిగి ఆరింది.
దాని గురించి మళ్లా ఇద్దరం మాట్లాడలేదు.

మూడున్నరకు చంద్రుడు లేచినాడు,
కొరికి పారేసిన గోరు మాదిరి.
అప్పుడు మునిగింది బెండు,
తొందర లేకుండా,
మెట్లు దిగే ముసలోడు మాదిరి.

మామ టార్చి వేసినాడు.
మార్పు. అరచేయి దాటిన పొడుగు,
జారిపోయే నల్లటి ఒళ్లు,
ఎనిమిది మీసాలు, ఎనిమిదీ కదలతా,
నీళ్లు లేకపోయినా గాలి మింగతా
నా పక్కే చూస్తా ఉండాది.
“రెక్క కాడ పట్టుకోవద్దు, ముల్లు కుడతాది.”
గాలం తీసినాను,
పసిబిడ్డ చెవి వెనక కత్తి పోనిచ్చినంత మెల్లగా.
ఒక్క మీసం తెగలేదు.

మామ సంచి నోరు తెరిచి పట్టుకోనుండాడు.
నేను వంగినాను, సంచి వైపు కాదు.
చప్పుడు పెద్దగా ఏమీ రాలేదు,
నీళ్లలో వేలు ముంచి తీసినంత.
చాలాసేపటికి మామ సంచి మడిచినాడు.
“చింతపండు నానేసొచ్చినానురా నాయనా.”

తెల్లారి మిగిలిన ఎర్రలను
కానుగ మొదట్లో వొంపి
ఖాళీ సీసా కడుక్కోని వచ్చేసినాం.

ఇంట్లో రెండుసార్లు స్నానం చేసినా
బొటనవేలి సందులో జిగట పోలేదనిపించింది.
రాత్రికి మళ్లీ కొండ.
మొదటి టోకెను ఒక పాపది,
ముందు పండ్లు రెండు లేవు, జడకు కనకాంబరాలు.
పీట మీద కూర్చోని వెనక్కి తిరిగి
“అద్దముందా?” అనడిగింది.

ఉంది.