బొట్టుబిళ్ల గీత

మా కావలికి సముద్రం
తుమ్మలపెంట దారిలో ఆటో ఎక్కినంత దూరం.
అయినా ఉప్పును నేను
పెట్టెలో, కొరియర్లో తెప్పించుకున్నాను.

"ఉప్పుకి నాలుగు వేలా?"
మా అత్త పెంచలమ్మ పెట్టెను కాలితో కదిపి చూసింది.
ఇస్కపల్లి కొఠార్లలో
ముప్పై ఏళ్లు మడులు తొక్కిన కాలు అది,
మడమ పగుళ్లలో ఇప్పటికీ తెల్లగా ఏదో మెరుస్తుంది.
"బస్తా నలభైకి అమ్మినాం మే.
ఎవురూ దాని మీద చేపబొమ్మెయ్యలా."

మూడడుగుల గాజుతొట్టి.
ముందుగదిలో కుట్టుమిషను జరిపి పెట్టాలి.
నేల మట్టంగా ఉందో లేదోనని గోలీ వదిలాను.
అది తూర్పుకి దొర్లింది.

ఆర్వో నీళ్లలో ఉప్పు పోసి
రాత్రంతా పంపు ఆడించి
పొద్దున్నే చిన్న దుర్భిణిలాంటి దాంట్లో కన్ను పెట్టాను.
నీలం, తెలుపు కలిసే గీత:
ఒకటి పాయింటు సున్నా రెండు ఐదు.
లాబులో రోజంతా ఊరివాళ్ల నెత్తురుకి అంకెలు రాసే నాకు
ఈ అంకె ఎవరి జబ్బూ కాదని
కొత్తగా ఉంది.

అత్త వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.
"ఉప్పే. సముద్రం కాదు."

నిజమే. సముద్రం కావాలంటే
ముందు అందులో ఏదో ఒకటి కుళ్లాలి.
రాళ్లు పేర్చి, తెల్లిసుక పరిచి
ఒక పచ్చి రొయ్యను వదిలాను.
నెల్లూరు జిల్లాలో
రొయ్యను కొని తినకుండా కుళ్లబెట్టిన ఇల్లు మాదొక్కటేనని
మా ఆయన చేపల బజారంతా చెప్పుకు తిరిగాడు.

వారం. వాసన.
రెండో వారం, గాజునాళికలో ఎనిమిది చుక్కలు:
పసుపు రావాల్సిన చోట ముదురాకుపచ్చ.
మూడు. నాలుగు.
ఇసుక మీద గోధుమరంగు నాచు,
ఉతికినా పోని కాలరు మురికిలా.
చూడ్డానికొచ్చిన వాళ్లు చేపలేవీ అని అడిగి
టీ తాగి వెళ్లిపోతారు.
పక్కింటి రేష్మా ఒక్కతే
గాజుకి ముక్కు ఆనించి అడిగింది:
"ఆంటీ, మీ రాళ్లు ఏం తింటాయి?"

ఆరో వారం పసుపు వచ్చింది.
చెన్నై బస్సులో, థర్మాకోల్ డబ్బాలో
నాలుగు నత్తలు,
బొటనవేలి గోరంత పచ్చటి పగడం.
నీలం లైటు కింద
అది మూడు రోజులు పిడికిలి విప్పలేదు.

మే నెల.
ఫ్యాను గాలికి నీళ్లు రోజుకో వేలెడు దిగేవి.
దిగినంత మేరా ఉప్పునీళ్లే కలిపి పోశాను,
సముద్రానికి సముద్రమే పోయాలి కదా అని.
పదో రోజుకి రెండు నత్తలు
వెల్లకిలా పడి మళ్లీ తిరగలేదు.
పగడం అంచు జిగటగా ఊడొస్తోంది.
దుర్భిణిలో గీత
చివరి అంకెలు మూడు, ఒకటి దగ్గర నిలబడింది.
రెండుసార్లు తుడిచి చూశాను.

"ఏం పోస్తా ఉండావు మే రోజూ?"
చెప్పాను.
చింతపండు చేతులతోనే వచ్చి
చాలాసేపు నా మొహం చూసింది.
"ఎండకి నీళ్లు పోతాయి. ఉప్పు యాడికి పోతాది?
అది పోలేదు కాబట్టే గదా
ముప్పై ఏళ్లు మేం కూడు తిన్నాం."

స్నానాలగది అద్దానికి అంటించి మరిచిపోయిన
నా ఎర్ర బొట్టుబిళ్లను పీక్కొచ్చి
తొట్టి గాజు మీద, నీటి అంచున అతికించింది.
"దీని కిందికి దిగితే మంచినీళ్లు.
నువ్వొద్దు. నేను పోస్తా."

ఇప్పుడు తెల్లారి ఐదున్నరకి
చెంబుతో, సన్నటి ధారగా, గాజువారన పోస్తుంది.
పండిన మడిలో నాలుగు చినుకులు పడతాయేమోనని
మబ్బు కనిపిస్తే చాలు
శాపనార్థాలు పెట్టిన మనిషి.

పగడం సగమే మిగిలింది.
ఆ సగానికి నిన్న
గసగసాలంత నోళ్లు తెరుచుకున్నాయి, తొమ్మిదో పదో,
లెక్కపెట్టేలోపు ముడుచుకున్నాయి.
అత్త చెంబు కింద పెట్టి
వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.
ఏమీ అనలేదు.
ఇంకోసారి ముంచింది.