ఏడో అక్షరం

నీ ముఖం నేనెప్పుడూ చూడలేదు.
నాకు నువ్వొక నంబరు, ముప్పై నాలుగేళ్ల వయసు,
ఒక కుడి ముంజేయి.
డులూత్‌లో సరస్సు గడ్డకట్టిన ఫిబ్రవరి.
బట్టలారబెట్టే మెషిన్ పక్కన నా బల్ల,
రెండు తెరలు, చల్లారిన కాఫీ.

గాయాన్ని కోడ్‌గా మార్చడం నా పని.
చీలిక వేరు, పొడుపు వేరు, కాటు వేరు.
ఒకదాని గడిలో ఇంకొకటి రాస్తే
బీమా కంపెనీ బిల్లు మొహాన కొడుతుంది.
కరిచిందెవరో చెప్పడానికి మరో కోడ్:
కుక్కకి, పిల్లికి, ఎలుకకి, చిలుకకి,
మొసలికి కూడా ఉంది
(ఈ మంచులో ఇరవై రెండేళ్లుగా దాన్ని ముట్టుకోలేదు).
మనిషికి రెండు.
పొరపాటున కరిస్తే ఒకటి,
కావాలని కరిస్తే ఒకటి.

కుక్క కరిచిందని నువ్వు చెప్పావు, నర్సు రాసింది.
డాక్టర్ హకాలా కూడా అదే రాశాడు,
కాకపోతే ఆయన స్కేలు పెట్టి కొలిచే మనిషి.
ఎదురెదురుగా రెండు వంకలు.
కోరపంటికీ కోరపంటికీ మధ్య మూడున్నర సెంటీమీటర్లు.
చర్మం చిరగలేదు, నలిగింది.
కుక్కయితే లాగుతుంది కదా.

కోడర్ అనుమానించకూడదు.
రాసిందే ఉంది, రాయనిది లేదు.
నాకు పని నేర్పిన మార్లిస్ అనేది:
"కళ్లు డాక్టరువి. వేళ్లు మాత్రమే మనవి."

అయినా పాత చార్టులు తెరిచాను.
అక్టోబరులో ఎడమ భుజం. కుక్క.
జూన్‌లో బొటనవేలి మొదలు. కుక్క.
ప్రతి కోడ్ చివరా ఏడో అక్షరం ఏ,
అంటే ఈ గాయానికి తొలి చికిత్స అని.
మూడుసార్లూ తొలిసారే.
మానుతున్న గాయానికి డి ఉంది,
మిగిలిపోయిన బాధకి ఎస్ ఉంది.
మళ్లీ, మళ్లీ అనడానికి
అక్షరమే లేదు.

జూన్ చార్టులో అలెర్జీల దగ్గర ఎవరో టైపు చేశారు:
పెన్సిలిన్. కుక్క బొచ్చు. ఇంట్లో జంతువులు లేవు.

మొరిగే కుక్క కరవదంటారు.
అసలు లేనే లేని కుక్క
మూడుసార్లు కరిచింది.

గాయం కడుగుతుంటే నువ్వు పన్నెత్తి మాట అనలేదట.
"బాగా ఓర్చుకుంది" అని నర్సు.
పంటి బిగువున అని నేను చదువుకున్నాను,
వెంటనే ఆ మాటంటేనే భయమేసింది.

డాక్టరుకి ప్రశ్న పంపొచ్చు.
ప్రశ్నలో జవాబు దాగి ఉండకూడదు, అది రూలు.
మనిషి కాటా అని అడగకూడదు.
నాలుగుసార్లు రాసి చెరిపాను.
చివరికి, కొలతలు, జూన్ నాటి అలెర్జీ వాక్యం పెట్టి,
కాటు దేనిదో దయచేసి స్పష్టం చేయండి, అన్నాను.
కుక్క. ఇతరం. నిర్ధారించలేము.
ఇతరం పక్కన గడి
గోరంత ఉంది.

డ్రయర్ ఆగింది. తువ్వాళ్లు మడతపెట్టాను,
వేడిగా ఉన్నవి, ఒక్కొక్కటే.
నాలుగింటికి జవాబొచ్చింది:
"ఫోన్ చేశాను. మగ గొంతు పలికింది. పెట్టేశాను.
సోమవారం కట్టు మార్చడానికి రావాలి తను.
అప్పటిదాకా చార్టు మూయొద్దు."

మూయలేదు.
ఎందుకాగిందని రేపు మేనేజరు అడుగుతుంది,
డాక్టరు జవాబు పూర్తికాలేదంటాను, అబద్ధం కాదు.
సోమవారం నువ్వొస్తే నీ ఏడో అక్షరం డి.
ఇన్నేళ్లలో ఒక అక్షరం కోసం
ఇలా ఎదురుచూడటం ఇదే.
రా.