పుర్రచేతి విసురు

మే నెల. బ్యారేజీ గేట్లు దించేశారు.
దిగువన కృష్ణంతా ఇసకే.
సన్నటి పాయలు నాలుగు,
జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీసి
ఎవరో కత్తిరించడం మరిచిపోయినట్టు.

అయిదున్నరకి మిషను మీద దుప్పటి కప్పి
రాణిగారితోట గోడ దాటి వస్తాను.
అప్పటికే జోజి బుట్ట పాతి ఉంటాడు:
ఆటోనగర్ పాతసామాన్లలో దొరికిన స్కూటర్ రిమ్ము,
దానికి తనే వెల్డింగు పెట్టిన పద్నాలుగు గొలుసులు,
కింద ఇడ్లీకొట్టువాళ్ళు పారేసిన జల్లెడ.
డిస్కు వెళ్ళి తగిలితే గల్లుమంటుంది.
తగిలితే.

"విసరకు సామ్రాజ్యమక్కా, లాగు.
లాగి, వదిలెయ్" అన్నాడు మొదటి రోజు.
లాగడం నాకొచ్చు. ముప్పై ఏళ్ళుగా దారం లాగుతున్నాను.
వదలడం దగ్గరే పేచీ.
వేలు ఒక్క రవ్వ ఆలస్యమైందా,
సీతానగరం వైపు పోవాల్సింది
కృష్ణలంక వైపు పోతుంది,
చేపలగంప ఆవిడ తల మీదుగా.
ఆవిడ తిట్లలో సగం నాకు కొత్త.

నాది పుర్రచెయ్యి.
పలక మీద అ దిద్దినందుకు
ఈ మెటికల మీదే స్కేలు విరిగింది.
కుడిచేతివాళ్ళ కత్తెరతో ఎడంచేత్తో
ఎన్ని వేల జాకెట్లు కోశానో
బొటనవేలి కాయని అడగాలి.
జోజిది కుడి.
అతని డిస్కు చివర్లో అలిసి ఎడమకి ఒరుగుతుంది,
నాది కుడికి.
అతను చెప్పిన ప్రతి మాటనీ
లైనింగు గుడ్డలా తిరగేసి కుట్టుకోవాలి.
వారం రోజులు తికమకపడి చివరికన్నాను:
"పక్కన కాదబ్బాయ్, ఎదురుగా నిలబడు. అద్దంలాగా."
నిలబడ్డాడు.
మడమ తిరిగితే నడుము, నడుము తిరిగితే మోచెయ్యి,
ఇసకలో ఇద్దరం ఒకే ఊపు.
గేదెలు కడిగేవాళ్ళు కడగడం ఆపి చూశారు.

అన్నిట్లోకీ కష్టమైన విసురేదంటే
రోజుకో మాట చెబుతాను.
బయటి అంచు పైకెత్తి వేసేది ఒకటుంది.
పుట్టుకతో వచ్చిన వాలుని మరిచి
డిస్కు రెండోవైపు వంగాలి,
సాగే క్రాస్ గుడ్డని సాగకుండా కుట్టినట్టు.
బొటనవేలు లోపలికి దూర్చి
తల మీంచి నిలువుగా కొట్టేది ఇంకోటి.
పైకెళ్ళి, ఒక క్షణం ఆలోచించి, బోర్లా దిగుతుంది.
దాని పేరు చెబితే రాత్రిళ్ళు నా భుజం మూలుగుతుంది.
అంచు మీద దొర్లించేది ఇసకలో రెండు గజాలకే చస్తుంది,
అందుకని తెల్లారుజామున కరకట్ట రోడ్డు మీద నేర్చుకున్నాను.
ఒకసారి కుక్క ఎత్తుకుపోయింది.
తుమ్మకంపలో మోకాళ్ళ మీద కూచుని
చెయ్యొక్కటే బయటపెట్టి వేశానొకనాడు.
జాకెట్టు చిరిగింది.
కుట్టు నిలిచింది, గుడ్డే పోయింది.
అది మాత్రం జోజికి రెండుసార్లు చూపించాను.

ఆ కంప చుట్టూ కుడికి తిరిగే దారొకటి.
అక్కడ అతను మణికట్టు విదల్చాలి,
మోచెయ్యి కలుక్కుమంటుంది, పళ్ళు కొరుకుతాడు.
నేను ఊరికే వేస్తాను.
దానంతటదే తిరిగి వెళ్తుంది.
"ఇది మోసం" అంటాడు.
ఆ స్కేలు టీచరు ఈ గట్టున కూచుని ఉంటే బాగుండునని
అప్పుడప్పుడూ.

కానీ నిన్న,
బుట్టకి పదడుగులు.
గాలి లేదు, కంప లేదు.
రైలు వంతెన మీద గూడ్సు
పెట్టెలు లెక్కపెట్టుకోవచ్చన్నంత నెమ్మది.
జోజి అటు తిరిగి బీడీ ముట్టించుకుంటున్నాడు,
పడుతుందని అంత ధీమా.
నాకూ ధీమాయే, అదే ముంచింది.
డిస్కు వదలకముందే
చెయ్యి గొలుసుల చప్పుడు వినేసింది.

రిమ్ముకి తగిలి టంగుమంది.
అంచు మీద నిలబడి,
ఇన్నాళ్ళూ ఇసకలో దొర్లనంటే దొర్లనన్నది
దొర్లి, దొర్లి
పాయలోకి.

కుచ్చిళ్ళు ఎగదోపి దిగాను.
మోకాలి లోతు కూడా లేదు. నీళ్ళింకా వెచ్చగా ఉన్నాయి.
అడుగున వెల్లకిలా
ఇసక నింపుకుంటోంది డిస్కు.

వెనక నుంచి జోజి, "పడిందా అక్కా?"

"పడింది" అన్నాను.